ఇంజిన్ అడిగినంత పెట్రోలు

మా షెడ్డు విశాఖ గాజువాకలో, ఆటోనగర్‌కు పోయే దారిలో. స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగినవాళ్లు, షిప్‌యార్డు వాళ్లు, పోర్టులో క్లియరింగ్ పనులు చూసేవాళ్లు, ఓడ ఎక్కబోయేవాళ్లు, ఓడ దిగి ఇంటికొచ్చినవాళ్లు, అందరి బళ్లూ వస్తాయి. కొన్నేళ్లుగా ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. ఇంజెక్షన్ బండి ఉన్నాయన "దీన్ని పీకేసి కార్బొరేటర్ తగిలించేద్దామా గురువుగారూ?" అంటాడు. కార్బొరేటర్ బండి ఉన్నాయన "దీనికి ఇంజెక్షన్ కిట్టు దొరుకుతుందంట, పెట్టించేద్దామా?" అంటాడు. ఇద్దరికీ నా జవాబు ఒకటే. కాకపోతే ఆ జవాబు నోటిమాటగా చెబితే ఎవరూ వినరు. ప్లగ్గు విప్పి చూపించాలి, మీటరు పెట్టి చూపించాలి. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

ముందు అసలు విషయం. పెట్రోలు ఒక్కటే కాలదు, గాలితో కలవాలి. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది, మైలేజీ పడిపోతుంది. తక్కువైతే ఇంజిన్ వేడెక్కుతుంది, మిస్సింగ్ వస్తుంది, రేస్ ఇస్తే దగ్గుతుంది. కార్బొరేటర్ అయినా ఇంజెక్షన్ అయినా చేసే పని ఈ పాళ్లు కుదర్చడమే.

కార్బొరేటర్ ఈ పనిని కరెంటు లేకుండా చేస్తుంది. ఇంజిన్ పీల్చే గాలి ఒక సన్నని గొంతులోంచి వెళుతుంది. సన్నగా ఉన్నచోట గాలికి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. దాంతో కింద గిన్నెలో ఉన్న పెట్రోలు ఇత్తడి జెట్ రంధ్రంలోంచి పైకి లేచి తుంపరగా గాలిలో కలుస్తుంది. గిన్నెలో మట్టం ఎంత ఉండాలో ఫ్లోట్ చూసుకుంటుంది. అంతే. ట్యాంకు పైన ఉంటుంది, పెట్రోలు దానంతటదే కిందికి దిగుతుంది.

ఇంజెక్షన్ బండిలో ట్యాంకు లోపలే చిన్న మోటారు పంపు ఉంటుంది. అది మూడు బార్‌ల దాకా ఒత్తిడితో పెట్రోలును ఇంజెక్టర్‌కు నెడుతుంది. గాలి ఒత్తిడి, గాలి వేడి, ఇంజిన్ వేడి, త్రాటల్ ఎంత తెరిచారు, సైలెన్సర్‌లో ఆక్సిజన్ ఎంత మిగిలింది, ఇవన్నీ సెన్సార్లు చెబుతుంటే ఈసీయూ అనే చిన్న కంప్యూటరు లెక్క కట్టి, ఇంజెక్టర్‌ను సెకనులో కొన్ని వెయ్యో వంతుల సేపు తెరిచి మూస్తుంది. పెళ్లి వంటవాడు గరిటెతో వేసే ఉప్పు కార్బొరేటర్. చెయ్యి తిరిగినవాడైతే రుచి కుదురుతుంది గాని, గరిటె మాత్రం మారదు. ఇంజెక్షన్ తూచి వేస్తుంది, వేశాక రుచి చూసి మళ్లీ సరిచేస్తుంది. ఆ రుచి చూసేది సైలెన్సర్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సార్.

నేను పనిలో చేరినప్పుడు మా ఊళ్లో టాక్సీలంటే అంబాసిడర్లే. కుర్రాళ్ల కల ఆర్‌ఎక్స్ 100 బైకు. మా గురువుగారు కార్బొరేటర్ ట్యూనింగ్ చేస్తుంటే షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. మిక్చర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ ఇంజిన్ తడబడే చోటు పట్టుకునేవారు. అక్కణ్ణుంచి వెనక్కి తిప్పుతూ శబ్దం నిండుగా వచ్చిన చోట ఆపేవారు. తర్వాత రేస్ ఇచ్చి వదిలి, స్లో దిగేటప్పుడు ఎంతసేపు తీసుకుంటుందో వినేవారు. చివరికి ప్లగ్గు విప్పి రంగు చూడటం. ఇటుక రంగు, లేదంటే లేత గోధుమ రంగు ఉంటే బండి ఇచ్చేయొచ్చు. నల్లగా ఉంటే మళ్లీ మొదటికి. నాకు ఈ పని చెవితోనే వచ్చింది, పుస్తకంతో కాదు.

జెట్ శుభ్రం చేయడం కూడా ఒక విద్యే. పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం. వెలుతురుకేసి పట్టుకుని చూస్తే నిండు చుక్కలా కనపడాలి. అంచు వంకరగా కనపడితే లోపల ఇంకా మడ్డి ఉన్నట్టే. పిన్నీసు పెట్టి పొడిచేవాణ్ణి నా షెడ్డులో రెండో రోజు ఉంచను. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతే ఆ జెట్ ఇంక జెట్ కాదు. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టాలి. మరీ మొండికేస్తే వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు చాలు.

ఇంజెక్షన్ మా దగ్గరికి ముందు కార్లలో వచ్చింది. 2000 తర్వాత కాలుష్య నిబంధనలు బిగిసేసరికి మారుతి 800 వెనక ఇంజెక్షన్‌కు గుర్తుగా ఎంపీఎఫ్‌ఐ అన్న అక్షరాలు కనపడటం మొదలైంది. బైకుల్లో 2006లో హీరో హోండా గ్లామర్ ఇంజెక్షన్‌తో వచ్చింది. మన దేశంలో ఆ పద్ధతిలో వచ్చిన మొదటి మోటార్ సైకిల్ అదే. జనం పెద్దగా పట్టించుకోలేదు. మరుసటి ఏడాది బజాజ్ పల్సర్ 220ని ఇంజెక్షన్‌తో దింపింది. 2009లో ఏం చేసిందో తెలుసా? అదే బండికి ఇంజెక్షన్ తీసేసి కార్బొరేటర్ పెట్టింది. ధర తగ్గింది, పికప్ తగ్గలేదు, కుర్రాళ్లు ఎగబడి కొన్నారు. కాబట్టి కొత్తదంతా గొప్పది, పాతదంతా పనికిరానిది అని ఎవరైనా అంటే నేను ఈ 220 కథ చెబుతాను. అమెరికాలో నాస్కార్ కార్ల పందేల్లో కూడా పెద్ద పోటీ బళ్లు 2011 దాకా కార్బొరేటర్లతోనే పరిగెత్తాయి. 2012లో గాని ఇంజెక్షన్‌కు మారలేదు.

ఇక్కడ మాత్రం తీర్పు ఇచ్చింది మెకానిక్కులు కాదు, కొనేవాళ్లూ కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చింది. బీఎస్-4 నుంచి బీఎస్-5ని దాటేసి నేరుగా ఆరుకు దూకారు. ఆ నిబంధన అందుకోవడం మామూలు కార్బొరేటర్ వల్ల కాదు. ఒకటి రెండు చిన్న బళ్లకు ఎలక్ట్రానిక్ కార్బొరేటర్ పెట్టి నెట్టుకొచ్చారు గాని, షోరూముల్లో దాదాపు అన్నీ ఇంజెక్షన్ బళ్లే అయ్యాయి. అంటే కొత్త బండి కొనేవాడికి ఈ ప్రశ్నే లేదు. ప్రశ్నంతా పాత బళ్లది, మార్చుకుందామనుకునేవాళ్లది.

విశాఖ లాంటి ఊళ్లో ఈ ప్రశ్నకు జవాబు హైదరాబాదులో చెప్పినట్టు చెప్పలేం. ఇక్కడి గాలి వేరు. ఒకపక్క సముద్రం ఉప్పు, ఒకపక్క పోర్టు బొగ్గు ధూళి. కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం వైపు తిరిగే బండి ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపితే చేతులు నల్లబడతాయి. ఫిల్టర్ మూసుకుపోతే కార్బొరేటర్‌కు గాలి అందదు, పెట్రోలు మాత్రం లాగేస్తుంది. "మైలేజీ రావట్లేదు, జెట్ మార్చండి" అని వచ్చే బళ్లలో సగానికి ఫిల్టర్ మారిస్తే చాలు. ఇంజెక్షన్ బండి ఈ విషయంలో నయం, వచ్చిన గాలిని కొలుచుకుని పెట్రోలు తగ్గించుకుంటుంది. కాని త్రాటల్ బాడీలో మసి పేరుకుంటే దానికీ స్లో నిలవదు.

అరకు సంగతి చూడండి. సెలవొస్తే కుర్రాళ్లంతా శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కేస్తారు. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి మన ఊళ్లో కన్నా దాదాపు పదోవంతు పలచన. ఇంజిన్‌కు అందే గాలి తగ్గింది గాని, జెట్ రంధ్రం విశాఖలో ఎంతో అక్కడా అంతే. పెట్రోలు ఎక్కువైపోతుంది. బండి బరువుగా లాగుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. చలికాలంలో లంబసింగిలో పడుకుని తెల్లారి కిక్కు కొట్టేవాడికి చోక్ విలువ తెలుస్తుంది. "అన్నా, కొండమీద లాగట్లేదు, చిన్న జెట్ వేసేయ్" అని ఓ కుర్రాడు పట్టుబడితే, "వేస్తాను, కిందికి దిగాక బీచ్ రోడ్డులో ఇంజిన్ కాలిపోతే నన్ను అడక్కు" అన్నాను. ఘాట్ ఎక్కడమే పనిగా ఉన్నవాడికి, రోజూ పాడేరు, అరకు తిరిగే ఉద్యోగికి ఇంజెక్షన్ బండే కొనమంటాను. అందులో రెండో మాట లేదు.

ఓడ ఎక్కేవాళ్ల బళ్లది ఇంకో కథ. మా ఊళ్లో మర్చంట్ నేవీ వాళ్లు వీధికొకరు ఉంటారు. ఆరు నెలలు, తొమ్మిది నెలలు కాంట్రాక్టు. బండి ఇంట్లో మెట్ల కింద నిలబడిపోతుంది. దిగొచ్చాక కార్బొరేటర్ బండైతే గిన్నెలో పెట్రోలు ఎండి, పసుపు పచ్చని మడ్డి అయి జెట్లను పట్టేసుకుంటుంది. విప్పి కడిగితే పోతుంది, ఆ పూటే బండి తీసుకుని వెళ్లిపోవచ్చు. ఇంజెక్షన్ బండైతే మొదట బ్యాటరీ చచ్చిపోతుంది. బ్యాటరీ లేకపోతే పంపు తిరగదు, ఈసీయూ లేవదు. కిక్కు ఉన్నా చాలాసార్లు లాభం ఉండదు, అసలు చాలా బళ్లకు కిక్కే లేదు. పాత పెట్రోల్లో నానిన పంపు పట్టేస్తే ఖర్చు వేలల్లోకి పోతుంది. అందుకే వాళ్లకు చెప్పేది ఇది: కార్బొరేటర్ బండైతే ట్యాపు మూసి, గిన్నె కింద డ్రెయిన్ స్క్రూ తిప్పి పెట్రోలు వదిలేసి వెళ్లండి. ఇంజెక్షన్ బండైతే ట్యాంకు నిండా పోయించి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పేసి వెళ్లండి.

ఓ చీఫ్ ఇంజినీరు గారు నా దగ్గర కూర్చుని ఇది విని నవ్వారు. "మా ఓడ ఇంజిన్లదీ ఇదే పేచీ. 2000 తర్వాత వచ్చిన పెద్ద ఇంజిన్లు చాలావాటిలో ఇంధనం పంపులను తిప్పే కామ్ షాఫ్ట్ తీసేసి కంప్యూటర్ పెట్టారు. ఇంధనం మిగులుతుంది. కాని నడి సముద్రంలో ఓ సెన్సార్ పోతే సుత్తీ స్పానరూ పనికిరావు, స్పేర్ కార్డు ఉండాలి" అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఏది గొప్ప అన్నది కాదు, చెడిపోయినప్పుడు నీ దగ్గర ఏముంది అన్నది లెక్క.

ఇప్పుడు నాకు బాగా గుర్తున్న ఒక బండి సంగతి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500, ఇంజెక్షన్‌ది. ఆయన ఇల్లు సముద్రానికి దగ్గర. వాన పడిన మర్నాడు సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది, చెక్ లైటు వెలుగుతుంది, కాసేపటికి దానంతటదే మళ్లీ స్టార్టవుతుంది. అప్పటికే వేరేచోట ఇంజెక్టర్ కడిగారు, పంపు కూడా కొత్తది వేశారు. నెలకే మళ్లీ మామూలే. ఆయనకు విసుగొచ్చేసింది.

"ఈ సెన్సార్ల గోల నాకొద్దు గురువుగారూ. పీకేసి ఓ కార్బొరేటర్ తగిలించీండి. మా నాన్న బుల్లెట్టు ముప్పై ఏళ్లు నడిసింది, దానికేటి సెన్సారుందా?"

"తగిలించడానికి కార్బొరేటర్ ఒక్కటే కాదు బాబూ. ఈ బండిలో నిప్పు ఎప్పుడు వెయ్యాలో కూడా ఆ ఈసీయూ డబ్బాయే చెబుతుంది. దాన్ని పీకితే పెట్రోలుతో పాటు కరెంటూ పోతుంది" అన్నాను.

ఇది చాలామందికి తెలియదు. ఇంజెక్షన్ బండిలో ఈసీయూ పెట్రోలు ఒక్కటే చూసుకోదు, స్పార్క్ టైమింగ్ కూడా దాని చేతిలోనే ఉంటుంది. క్రాంకు దగ్గర పళ్ల చక్రం ఉంటుంది, దాన్ని సెన్సార్ చదువుతుంది. కార్బొరేటర్‌కు మారాలంటే ఆ చక్రం మారాలి, వేరే ఇగ్నిషన్ యూనిట్ రావాలి, ట్యాంకులో పంపు తీసి కన్నం మూయాలి, పెట్రోలు ట్యాపు అతికించాలి, వైరింగ్ కోయాలి. ఇంత చేసి చివర్లో వచ్చేది కంపెనీ ఎప్పుడూ పరీక్షించని బండి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు ముందు చూసేది అదే.

బండి మీద కూర్చుని మీటరు తీశాను. తాళం తిప్పి, పంపు తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర చూస్తే 12.3 వోల్టులు. పంపు కనెక్టర్ దగ్గర చూస్తే 10.6. దారిలో దాదాపు రెండు వోల్టులు ఎవరో తినేస్తున్నారు. పంపు కొత్తదే, కాని దానికి తిండి లేదు. నెమ్మదిగా తిరుగుతుంది, ఒత్తిడి పడిపోతుంది, పెట్రోలు చాలక స్లోలో ఆగిపోతుంది. ఆయన చూస్తుండగానే ట్యాంకు దించి, కింద ఉన్న కనెక్టర్ ఊడదీశాను. పిన్నుల చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. బ్యాటరీ పెట్టె పక్కన ఎర్తు వైరు బోల్టు విప్పితే దాని కింద తుప్పు. ఎర్తు చోటు గీకి తెల్లగా చేసి, పిన్నులు మార్చి, గట్టిగా నొక్కి, గ్రీజు రాసి బిగించాం. మళ్లీ మీటరు పెడితే పంపు దగ్గర 12.1. కార్బొరేటర్ ధరలో పదోవంతు కూడా కాలేదు. ఆ తర్వాత రెండు వానాకాలాలు ఆ బండి ఆ జబ్బుతో మా షెడ్డుకు రాలేదు.

సముద్రం ఒడ్డున ఇంజెక్షన్‌ను చంపేది ఇంజెక్టర్ కాదు, సెన్సార్ కాదు. కనెక్టర్, ఎర్తు. ఈ రెండూ చూడకుండా పంపు మార్చమన్నవాడి మాట నమ్మకండి. అలాగే కార్బొరేటర్‌ను చంపేది కార్బొరేటర్ కాదు. ట్యాంకు తుప్పు, ఎండిన రబ్బరు, గాలి దారిని తెరిచి మూసే స్లైడు అరగడం.

దీనికి ఉదాహరణ కార్బొరేటర్ బండి వైపు నుంచి వచ్చింది. స్టీల్ ప్లాంటులో రిటైరై ఉక్కునగరం వదిలి కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్న పెద్దాయన. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350, మిక్‌కార్బ్ కార్బొరేటర్. పొద్దున్నే కిక్కు కొట్టడం కష్టమవుతోంది. అమెరికాలో ఉన్న కొడుకు ఎక్కడో చూసి, "ఇంజెక్షన్ కిట్టు పెట్టించెయ్ నాన్నా, బటన్ నొక్కితే చాలు" అన్నాడట. పెద్దాయన కిట్టు ధర కాగితం కూడా తెచ్చారు.

ఆయనకు చెప్పాను. కిట్టు అంటే త్రాటల్ బాడీ, ఒత్తిడి తట్టుకునే పైపులు, పంపు, క్రాంకు సెన్సార్, సైలెన్సర్‌కు వెల్డింగు చేసి ఆక్సిజన్ సెన్సార్, ఈసీయూ. ఇవన్నీ నడవాలంటే కరెంటు కావాలి. పాత బుల్లెట్టు ఆల్టర్నేటర్ లైటు, హారను మొయ్యడానికే ఆయాసపడుతుంది. పైగా ఈసీయూకు ఈ ఇంజిన్ లెక్క ఎవరో నేర్పాలి, ఇంజిన్ బలం కొలిచే డైనో యంత్రం మీద పెట్టి మ్యాపు కట్టాలి. అది చేసేవాళ్లు మన ఊళ్లో ఎవరున్నారు? రేపు ఒక సెన్సార్ పోతే పార్సిల్ కోసం నెలలు చూడాలి. బటన్ నొక్కితే స్టార్టవడానికి కావాల్సింది సెల్ఫ్ మోటారు, ఇంజెక్షన్ కాదు, అదొక పొరపాటు లెక్క.

అసలు జబ్బు ఏమిటంటే స్లైడు అరిగిపోయి పక్కనుంచి గాలి పీలుస్తోంది. ఇంజిన్ స్లోలో ఉండగా మేనిఫోల్డు అతుకు మీద కొంచెం క్లీనర్ చిమ్మితే శబ్దం మారింది, అంటే అక్కడా గాలి లీకు. ట్యాంకులో టార్చి వేస్తే అడుగున ఎర్రటి పొడి. కార్బొరేటర్ మార్చి, అతుకు రబ్బరు మార్చి, ట్యాంకు కడిగి, పెట్రోలు పైపు కొత్తది వేశాం. పాయింట్ల గ్యాపు సరిచేశాం. ఆ వారమంతా పెద్దాయన పొద్దున్నే ఫోను చేసి "రెండో కిక్కుకే అందుకుంది" అని చెప్పేవారు.

ఈ పాత బళ్ల విషయంలో ఇప్పుడు కొత్తగా చూసుకోవాల్సింది ఇథనాల్. 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మొదలుపెట్టారు, 2025కి అది బంకులన్నిటికీ వచ్చేసింది. ఇక్కడో విచిత్రం. మల్కాపురంలో 1957లో కాల్‌టెక్స్ వాళ్లు పెట్టిన రిఫైనరీ, ఇప్పటి హెచ్‌పీసీఎల్, మన కళ్లెదురుగా పెట్రోలు తీస్తుంది. అయినా దాంట్లో ఏం కలుస్తుందో మా మెకానిక్కులకు బంకు బోర్డు చూస్తేగాని తెలియలేదు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, కాబట్టి అదే జెట్‌తో ఇంజిన్‌కు పాళ్లు పలచనవుతాయి. లీటరు ఇథనాల్‌లో సత్తువ పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ. పైగా అది తేమను పీల్చుకుంటుంది, మన ఊరి గాలిలో తేమకు కరువేముంది? నిలబెట్టిన బండి ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. పాత రబ్బరు ఉబ్బుతుంది, పగులుతుంది. గిన్నెలో తెల్లటి పొడి కనపడితే అదే.

ఆక్సిజన్ సెన్సార్ ఉన్న ఇంజెక్షన్ బండి కొంతమేరకు తానే సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు మనం సర్దాలి. నీడిల్ క్లిప్పును ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోలు కాస్త ఎక్కువ పడుతుంది. చాలకపోతే మెయిన్ జెట్ ఒక నంబరు పెంచాలి. ఒక్కటే, రెండు కాదు. పైపు, ఓ-రింగులు, ఫ్లోట్ నీడిల్ కొన ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించుకోవాలి. ఇదంతా కలిపి ఒక మధ్యాహ్నం పని. దీనికోసం ఇంజెక్షన్‌కు పరిగెత్తనక్కర్లేదు.

మరి మార్చడం ఎప్పుడూ తప్పేనా అంటే, రోడ్డెక్కని ఇంజిన్ సంగతి వేరు. కాలేజీ పిల్లలు పోటీల కోసం బండి కట్టుకుంటారు. అలాంటి పిల్లలు వస్తే ఇంజెక్షన్ పెట్టి నేర్చుకోమనే చెబుతాను. వాళ్లకు లాప్‌టాప్ ఉంది, ఓపిక ఉంది, పోతే పోయేది పోటీయే. పొద్దున్న ఆరింటికి డ్యూటీ ఎక్కాల్సినవాడికి ఆ ఓపిక ఉండదు.

మా వృత్తి సంగతి కూడా ఒక మాట చెప్పాలి. చిన్న షెడ్డువాళ్లు ఇంజెక్షన్ అంటే భయపడటానికి కారణం తెలివి లేకపోవడం కాదు, సమాచారం లేకపోవడం. వైరింగ్ బొమ్మలు దొరకవు, స్కానర్లు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం, కొన్ని పనులు వాళ్ల సాఫ్ట్‌వేర్‌తో తప్ప తెరుచుకోవు. కంచరపాలెం ఐటీఐ నుంచి వచ్చిన కుర్రాడు మా దగ్గర చేరితే ముందు మల్టీమీటరు చేతికిస్తాను, తర్వాతే స్పానరు. వోల్టేజీ ఎక్కడ పడిపోతోందో పట్టుకోగలిగితే సగం ఇంజెక్షన్ బళ్లకు స్కానరు లేకుండానే వైద్యం చేయొచ్చు. ఆ పిల్లలకు ప్లగ్గు రంగు చదవడం కూడా నేర్పుతాను. ఇంజెక్షన్ బండి ప్లగ్గు కూడా అబద్ధం చెప్పదు.

కాబట్టి అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఇది. కొత్త బండి కొంటుంటే ఇంజెక్షనే వస్తుంది, సంతోషంగా కొనుక్కోండి. వానాకాలానికి ముందు ఒకసారి కనెక్టర్లు, ఎర్తు విప్పి చూపించుకోండి, బ్యాటరీని నీరసించనివ్వకండి, ట్యాంకును రిజర్వు దాకా ఎండబెట్టకండి. ట్యాంకులో ఉన్న పెట్రోలే పంపును చల్లగా ఉంచుతుంది. పాత కార్బొరేటర్ బండి ఉంటే దాన్ని కార్బొరేటర్‌తోనే బాగుచేయించుకోండి. కిట్టుకు పెట్టే డబ్బులో నాలుగోవంతు ట్యాంకుకు, రబ్బర్లకు, ఇగ్నిషన్‌కు పెడితే అది ఇంకో పదేళ్లు నడుస్తుంది. కంపెనీ దేనితో కట్టిందో దానితోనే ఉండనివ్వండి. ఎవరైనా "నిమిషంలో మార్చేస్తాను" అని కట్టింగు ప్లేయరు తీస్తే తాళం లాక్కుని వచ్చేయండి. ఎంత ముదిరిన జబ్బు బండైనా నేను చూస్తాను. వైరింగ్ కోసేసిన బండిని మాత్రం మా షెడ్డులోకి తీసుకోను.